సవాల్ ఏడున్నది

మొన్న అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో రైలు కోసం నిలబడి ఉంటే, పక్కనే ఇద్దరు పిల్లలు ఫోను కోసం కొట్టుకుంటున్నారు. తల్లి ఆ ఫోను లాక్కుని సంచిలో వేసుకుంది. ఇద్దరూ ఒకేసారి ఫిర్యాదు మొదలుపెట్టారు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, "ఎవళ్లది వాళ్లు చెప్పుకునుడు లేదు. నువ్వు చెల్లె తరఫున చెప్పు. తర్వాత చెల్లె నీ తరఫున చెప్తది" అంది. పిల్లవాడు ముందు చెల్లెలి వైపు గుర్రుగా చూశాడు. చివరికి గొంతు సన్నగా చేసి, అన్న పొద్దుటి నుంచి ఒక్కడే ఆడుతున్నాడని, తనకు ఒక్క ఆట కూడా ఇవ్వలేదని చెల్లెలి బదులు చెప్పాడు. చెప్పాక వాడికే నవ్వొచ్చింది. రైలు వచ్చింది, వాళ్లు ఎక్కి వెళ్లిపోయారు.

నేను ఎక్కలేదు. తర్వాతి రైలుకు వెళ్లవచ్చులే అని అక్కడే కూర్చున్నాను. ఆ తల్లి ఎవరో నాకు తెలియదు. మా దగ్గర చదివిన పిల్ల కావచ్చు, అలా చదివినవాళ్ల దగ్గర నేర్చుకున్న మనిషి కావచ్చు. ఆ పద్ధతి ఎక్కడ పుట్టిందో మాత్రం నాకు తెలుసు. ఆ స్టేషన్‌కు దగ్గర్లోనే ఒక మేడ మీద, మూడో అంతస్తులో, ఒక చెక్క పార్టిషన్‌కు అవతలి పక్క పుట్టింది. ఇవతలి పక్క నేను లెక్కలు చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడ అనేది కనిపించేది కాదు. జావా, టెస్టింగ్, మెయిన్‌ఫ్రేమ్ అంటూ బ్యానర్ మీద బ్యానర్. బస్సు దిగిన ప్రతి కుర్రవాడి చేతిలో ఎవరో ఒకరు పాంప్లెట్ పెట్టేవారు. మా ఇన్‌స్టిట్యూట్‌లో నా పని ఆప్టిట్యూడ్. ఎదురెదురుగా వచ్చే రైళ్లు, కారే తొట్టెలు, కూలీలు, రోజులు. నాకు డిగ్రీ లేదు. కోస్తాలో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా ఉంటూ పాత లెక్కల పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నదే నా చదువు.

పార్టిషన్‌కు అవతలి పక్క ఉండే ఆవిడను అందరూ టైపు మేడమ్ అనేవారు. మేం రాకముందు ఆ గదుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కోర్టులో టైపిస్టుగా రిటైరైన ఆమె అక్కడ సాయంత్రాలు నేర్పేవారు. మా డైరెక్టర్ గారు ఆ గదులు తీసుకుని, మిషన్లు కిందికి దింపించి కంప్యూటర్లు పైకి ఎక్కించారు. మిషన్లు దిగాయి గానీ ఆమె దిగలేదు. కంప్యూటర్ నేర్చుకున్న పిల్లలకు ఉత్తరం రాయడం ఎవరు నేర్పుతారని డైరెక్టర్ గారిని అడిగారట. రెండో రోజే బోర్డు మీద కమ్యూనికేషన్ స్కిల్స్ అని ఒక లైను పెరిగింది.

పొట్టి మనిషి. నేత చీర, భుజాన జిప్పు సంచి. ఎవరైనా మాట్లాడుతుంటే ఒళ్లో పెట్టుకున్న ఆ సంచి మీద ఆమె వేళ్లు కదులుతూ ఉండేవి. మొదట్లో ఏదైనా నరాల జబ్బేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆమె టైపు చేస్తున్నారు. ఎదుటి మనిషి చెప్పింది చెప్పినట్టు ఆ సంచి మీద పడిపోయేది. డైరెక్టర్ గారు మీటింగు పెట్టి రాబోయే కాలమంతా మనదేనని చెబుతున్నప్పుడు కూడా ఆ వేళ్లు ఆగేవి కావు. ఒకసారి మధ్యలో, "జర ఆగుండ్రి సాబ్, లైను మారాలె" అనేశారు. ఆయన నిజంగానే ఆగారు.

వ్యాపార ఉత్తరాలు నేర్పమని ఆమెకు సిలబస్ ఇచ్చారు. దాన్ని చకచకా ముగించేసి, మిగతా కాలమంతా తనకు నచ్చిన ఉత్తరాలు రాయించేవారు. ఒక పక్క చరిత్రలో ఉన్న మనిషి, రెండో పక్క కల్పించుకున్న మనిషి. హుస్సేన్ సాగర్ కట్ట కట్టించిన సుల్తానుకు, ఆ నీళ్లలో గుడిసె మునిగిన ఒక మట్టి కూలీ రాయాలి. సుల్తాను జవాబివ్వాలి. నిజాం కాలపు కొత్వాలుకు చార్మినార్ దగ్గర జేబులు కొట్టే దొంగ రాయాలి. కొత్వాలు జవాబివ్వాలి. ఎవరి తరఫున రాయాలో ఎంచుకునే వీలు పిల్లలకు లేదు. ఎవరంటే మీకు కోపం అని ముందు అడిగేవారు. ఆ కోపం ఎవరి మీదో వాళ్ల తరఫునే రాయించేవారు. కృష్ణానగర్ నుంచి వచ్చే ఒక కుర్రాడు సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేసేవాడు. వాడికి రాజు తరఫున డైలాగులు రాయాలని ఉబలాటం. ఆమె వాడితో రాజు వెనక వింజామర పట్టుకున్నవాడి ఉత్తరం రాయించారు. చేతులు నొప్పి పుట్టేదాకా ఎందుకు విసురుతున్నావో మాత్రం రాయి అన్నారు. వాడు ఆ రోజు భోజనానికి కూడా లేవకుండా రాశాడు.

ఉత్తరం చదవగానే ఆమె మొదట అడిగే మాట ఒకటే. సవాల్ ఏడున్నది?

ఉత్తరమన్నాక అవతలి మనిషిని ఏదో ఒకటి అడగాలి. అది ఆమె నియమం. సుల్తాను తరఫున ఒకడు, నీ గుడిసె మునిగితే మునిగింది, ఊరందరి దాహం తీరింది, సంతోషించు అని గంభీరంగా రాసుకొచ్చాడు. ఆమె కాగితం తిరిగి ఇచ్చేసి, "ఇది ఉత్తరం కాదు బిడ్డ, ఫర్మానా. సవాల్ ఏడున్నది?" అన్నారు. ఆమె భాషలో సవాల్ అంటే ప్రశ్న. మా వైపు సవాలంటే తొడ కొట్టి రమ్మనడం. భీమవరం నుంచి వచ్చిన ఆ అబ్బాయి తల గోక్కుంటూ వెళ్లి, మర్నాడు ఇంకో ఉత్తరం తెచ్చాడు. అందులో సుల్తాను, దమ్ముంటే గోల్కొండకు వచ్చి నాతో కుస్తీ పట్టమని మట్టి కూలీని పిలుస్తున్నాడు. మేడమ్ ఆ ఉత్తరం చదివి కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. పార్టిషన్ ఇవతల నా క్లాసు కూడా ఆగిపోయింది.

దొంగ ఉత్తరాల విషయంలో ఆమె కఠినంగా ఉండేవారు. అందరూ ఆకలి అని రాసేవారు. ఆకలేసి దొంగిలించాను, క్షమించండి. ఆకలి అన్న మాటను ఆమె క్లాసులో నిషేధించారు. కడుపు నిండిన దొంగ లేడా, వాడికెందుకు బుద్ధి పుట్టిందో రాయండి అనేవారు. తేలిగ్గా జాలి పడితే అవతలి మనిషి ఎవరో మనకు ఎప్పటికీ తెలియదని ఆమె లెక్క. ఆ బ్యాచ్‌లో అనిత అని మెదక్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉండేది. రైతుల పిల్ల, నా క్లాసులోనూ చురుకైనది. అనిత ఉత్తరంలో దొంగ కొత్వాలుకు ఇలా రాశాడు: నా వేళ్లు ఇంత నేర్పుగా కదులుతాయని నాకు చిన్నప్పుడే తెలిసింది, ఈ నేర్పుతో వేరే పని ఏం చేయవచ్చో నాకు ఎవరూ చెప్పలేదు, మీకు తెలిస్తే చెబుతారా? మేడమ్ ఆ ఉత్తరం రెండోసారి చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకున్నారు.

సాయంత్రం క్లాసులయ్యాక ఆమె పంజాగుట్ట దాకా నడిచి, అక్కడ మాసబ్ ట్యాంక్ వైపు బస్సు ఎక్కేవారు. అప్పుడప్పుడు నేనూ వెంట నడిచేవాణ్ణి. ఈ ఉత్తరాల పిచ్చి ఎలా పట్టిందని ఒకసారి అడిగాను. కోర్టులో సాక్షి చెప్పేది ఎలా రాస్తారో తెలుసా అని ఆమె నన్నే ఎదురు అడిగారు. వకీలు ప్రశ్న అడుగుతాడు, సాక్షి జవాబు చెబుతాడు. కాగితం మీద మాత్రం సాధారణంగా జవాబులే పడతాయి, అవి కూడా సాక్షి తనంతట తాను వరసగా చెప్పుకుపోయినట్టు. "అవును నేను అక్కడికి వెళ్లాను" అని ఉంటుంది. పిలిస్తే వెళ్లావా అని అడిగారో, కొట్టడానికి వెళ్లావా అని అడిగారో కాగితం చెప్పదు. ఏళ్ల తరబడి ప్రశ్నలు లేని జవాబులు టైపు చేశానని, కొన్నిసార్లు అసలు అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగలేదని వేళ్లకు తెలిసిపోయేదని అన్నారు. మరి మీరు చెప్పవచ్చు కదా అన్నాను.

"టైపిస్టుకు నోరుంటదా సారు? చేతులే ఉంటయ్" అన్నారు.

ఆ శుక్రవారం వరకూ నేను దాన్ని ఒక మాటగానే విన్నాను.

ఒక కంపెనీ వాళ్లు సోమవారం మా దగ్గరికే వచ్చి ఇంటర్వ్యూలు చేస్తామన్నారు. మేం పెట్టిన పరీక్షలో ముందు వరసలో ఉన్నవాళ్లనే చూస్తారు. పేపరును డైరెక్టర్ గారు బెజవాడ బ్రాంచి నుంచి తెప్పించారు. జవాబులు మాత్రమే రాయాలి, చిత్తు కాగితాలు బుట్టలో వేసి వెళ్లాలి. శుక్రవారం పరీక్ష అయ్యాక దిద్దింది నేను. అనితకూ, ఆమె వెనక బల్ల మీద కూర్చున్న మల్లేశ్‌కూ దాదాపు అన్నీ ఒప్పే. తప్పులు మూడే. ఆ మూడూ ఇద్దరికీ ఒకే ప్రశ్నల్లో వచ్చాయి, మూడింటికీ ఇద్దరూ ఒకే జవాబు రాశారు.

ఒప్పులు ఎవరికైనా కలుస్తాయి, తప్పులు కలిస్తేనే కాపీ. ఈ సూత్రం మా ఇన్‌స్టిట్యూట్‌లో అందరికీ తెలుసు. నా అనుభవంలో అది ఎక్కువసార్లు నిజమే. డైరెక్టర్ గారు పేపర్లు చూడగానే ఇద్దరినీ పిలిపించారు. ఆయన చెడ్డ మనిషి కాదు. అంతకుముందు బ్యాచ్‌లో ఒకడు కాపీ కొట్టి దొరికిపోతే ఇంకో కంపెనీ మా గుమ్మం తొక్కడం మానేసింది. ఆ దెబ్బ ఆయనకు ఇంకా పచ్చిగానే ఉంది.

"ఎవరిది ఎవరు చూశారు? అదొక్కటీ చెప్పండి" అన్నారు.

చూడలేదని అనిత అంది. చూడలేదని మల్లేశ్ కూడా అన్నాడు. మరి ఒకే తప్పులు ఎలా వచ్చాయని ఆయన అడిగితే, ఏ తప్పులో వాళ్లకే తెలియదు. పేపరు బల్ల మీద బోర్లా ఉంది. ఇద్దరూ నేల చూశారు. మాట రావడం లేదంటే ఒప్పుకున్నట్టే కదండీ అని ఆయన నా వైపు తిరిగారు. మూల కుర్చీలో కూర్చున్న మేడమ్ వేళ్లు సంచి మీద ఆగిపోయాయి.

పిల్లలిద్దరినీ బయటికి పంపి, జాబితాలో వాళ్ల పేర్ల మీద పెన్సిలుతో గీత పెట్టారు. అనిత సంగతి నాకు తెలుసు. ఈ విడతలో కాకపోతే హాస్టల్ ఖాళీ చేసి వచ్చెయ్యమని వాళ్ల నాన్న ముందే చెప్పి పంపాడు. వెళ్లిపోవడం ఒక ఎత్తు, దొంగ అనిపించుకుని వెళ్లడం ఒక ఎత్తు.

నాకు తెలిసింది నేను చెప్పాను. మూడు తప్పులూ ఒకే పొలం మీద వేసిన లెక్కల్లోనే వచ్చాయి. పొలం 2.20 ఎకరాలు, ఎకరానికి పదిమంది కూలీలైతే ఒక్క రోజులో నాటు వేయడానికి ఎంతమంది కావాలి? ఇరవై ఇద్దరు. వీళ్లిద్దరూ ఇరవై అయిదుగురు అని రాశారు. విత్తనాలూ, ఎరువూ కూడా అదే నిష్పత్తిలో ఎక్కువ రాశారు. అంటే ఇద్దరూ ఆ పొలాన్ని రెండున్నర ఎకరాలనుకున్నారు. డైరెక్టర్ గారు శాంతంగానే, ఇద్దరూ ఒకేలా అనుకోవడాన్నే కాపీ అంటారు మాస్టారూ అన్నారు.

అప్పుడు మేడమ్ లేచి బల్ల దగ్గరికి వచ్చారు. గీత పెన్సిలుతో ఉంది కాబట్టి అడుగుతున్నానని, పెన్నుతో పెట్టేముందు ఆ పిల్ల తరఫున డైరెక్టర్ గారే ఒక ఉత్తరం రాయాలని అన్నారు. ఆయన నవ్వి, "నాకు ఆ ఆటలకి టైము లేదండీ మేడమ్ గారూ. కావాలంటే మాస్టారు రాస్తారు" అని నా మీదికి తోశారు.

ఆమె నా ముందు కాగితం పెట్టారు. నియమం కూడా చెప్పారు. ఆ పిల్లకు తెలిసిందే రాయాలి, నాకు తెలిసింది కలపకూడదు. నేను మొదలుపెట్టాను. డైరెక్టర్ గారికి అనిత వ్రాయునది. నేను పేపరు తీసుకున్నాను. పొలం లెక్క చదివాను. పొలం 2.20 ఎకరాలు అని ఉంది. కనుక రెండున్నర ఎకరాలు...

అక్కడ పెన్ను ఆగింది. ఆ "కనుక" దగ్గర ఏం రాయాలో నాకు తెలియలేదు. రాయడమంటూ మొదలుపెట్టకపోతే అక్కడొక ఖాళీ ఉన్నట్టే నాకు కనిపించేది కాదు. పొలాన్ని రెండున్నర అనుకున్నారని పట్టుకుని, అక్కడితో నా పని అయిపోయిందనుకున్నాను.

"ఇక్కడ నాకు తెలియడం లేదు మేడమ్."

"తెల్వకపోతే ఖాళీ ఇడువుండ్రి. గా ఖాళీనే సవాల్. పోయి అడుగుండ్రి."

"ఏమని?"

"ఎవల్ది చూసినవని కాదు. ఎట్ల చేసినవని."

అనిత మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. మల్లేశ్‌ను కాస్త దూరంగా ఉండమని, ఆ అమ్మాయిని ఒక్కతెనే అడిగాను.

"అమ్మా, ఆ పొలం ఎంత?"

"రెండున్నర ఎకరాలు సార్."

"పేపర్లో ఎంతని ఉంది?"

"రెండు ఇర్వై సార్."

"మరి?"

నేను తనను పరీక్షిస్తున్నానో, నిజంగానే అడుగుతున్నానో తేల్చుకోలేక ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. "రెండెకరాల ఇర్వై గుంటలు సార్. నల్వై గుంటలకు ఎకరం గద. మా పహాణీల గట్లనే రాస్తరు."

పహాణీ అంటే వాళ్ల ఊళ్లో భూమి వివరాలు రాసే కాగితం. మా కోస్తాలో భూమిని సెంట్లలో కొలుస్తాం. నూరు సెంట్లు ఒక ఎకరం. మాకు చుక్క తర్వాత ఉన్నది సెంట్లు. దశాంశం లెక్కకూ దానికీ తేడా రాదు కాబట్టి మాకు అనుమానమే రాదు. వాళ్ల కాగితాల్లో చుక్క తర్వాత ఉన్నవి గుంటలు. ఇరవై గుంటలంటే అర ఎకరం. బెజవాడలో కూర్చుని పేపరు తయారుచేసినవాళ్లకు ఈ సంగతి తెలియదు, నాకూ తెలియదు. ఆ బ్యాచ్‌లో పొలమున్న తెలంగాణ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు వీళ్లిద్దరే. మిగిలినవాళ్లు పట్నం పిల్లలో, కోస్తా పిల్లలో.

ఒళ్లంతా ఒక్కసారిగా తేలికైపోయి నేను పైకే నవ్వేశాను. తనను చూసి నవ్వుతున్నాననుకుని అనిత మొహం తిప్పుకుంది. నీ మీద కాదమ్మా అని చెప్పి మల్లేశ్‌ను పిలిచాను. అతనిది పాలమూరు వైపు. అతనూ సరిగ్గా అదే చెప్పాడు, పైగా, "గుంట జాగ కోసం మా తాత పదేండ్లు తాసిల్దార్ కచీరు చుట్టు తిరిగిండు సార్, గుంటలు నేనెట్ల మర్చిపోత?" అన్నాడు.

డైరెక్టర్ గారు విన్నారు. నలభయ్యా అని మళ్లీ అడిగారు. నలభయ్యే అన్నాను. కాసేపు పేపరు తిప్పి చూసి, ఎంతైనా జవాబు తప్పే కదా అన్నారు. అదీ నిజమే. పరీక్షలో చుక్క చుక్కే. ఈసారి మేడమ్ అందుకున్నారు.

"తప్పు తప్పే సాబ్. మార్కులు కోయుండ్రి. కానీ తప్పు వేరే, దొంగతనం వేరే."

మూడు తప్పులకూ కోసిన మార్కులు అలాగే ఉంచారు. రబ్బరు కోసం సొరుగులన్నీ వెతికి పెన్సిలు గీతలు చెరిపేశారు. ఇద్దరికీ మొదటి స్థానం దక్కలేదు గానీ జాబితాలోనే ఉన్నారు. నిజానికి మా అందరిలోకీ ఎక్కువ ఊపిరి పీల్చుకున్నది ఆయనే. కుర్చీలో వెనక్కి వాలి, "హమ్మయ్య, ఈ బ్యాచ్‌లో కాపీ కొట్టినవాడు ఎవడూ లేడండీ" అని, అందరికీ టీ చెప్పారు.

తర్వాత అనితకు ఆ సోమవారమే ఉద్యోగం వచ్చింది. మల్లేశ్‌కు ఇంకో నెలకు వేరే చోట వచ్చింది. మేడమ్ కొన్నేళ్లకు క్లాసులు మానేశారు. ఆమె నిద్రలోనే పోయారని మా కింద జిరాక్స్ షాపు అతను ఎప్పుడో చెప్పాడు. స్టేషన్‌లో కూర్చున్నంతసేపూ నాకు గుర్తొచ్చింది మాత్రం ఇవేవీ కాదు, ఆ సోమవారం పొద్దున.

శనివారం మేడమ్ అనితకు ఒక పని అప్పజెప్పారు. డైరెక్టర్ గారి తరఫున నీకు నువ్వే ఒక ఉత్తరం రాసుకో అన్నారు. అనితకు కోపం వచ్చింది. తన తప్పేమీ లేదని తేలాక కూడా తనే ఎందుకు రాయాలని అడిగింది. కోపం ఉన్నవాళ్లే రాయాలి కదా, నువ్వు క్లాసుకు కొత్తా అని మేడమ్ ఆ పిల్ల మాటను కొట్టిపారేశారు.

సోమవారం కంపెనీ వాళ్లు ఇంకా రాలేదు. ఇస్త్రీ బట్టల్లో పిల్లలు కారిడార్ అంతా నిలబడి ఉన్నారు. అనిత వచ్చి మడిచిన కాగితం మేడమ్ చేతికిచ్చింది. ఆమె చదివి నాకిచ్చారు, నేను చదివి వెళ్లి డైరెక్టర్ గారికిచ్చాను. ఇంతే ఉంది అందులో:

అమ్మా అనితా, మా సంస్థకు చెడ్డపేరు వస్తే మిగిలిన పిల్లలను కూడా ఎవరూ పిలవరని భయపడ్డాను. ఆ భయంలో ఒక మాట అడగడం మరిచిపోయాను. ఆ లెక్క నువ్వు ఎట్ల చేసినవ్?

ఉత్తరంలో చివరి వాక్యానికి వచ్చేసరికి మా బెజవాడ డైరెక్టర్ గారు మెదక్ మాట మాట్లాడేశారు. అది చూసి ఆయనే ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, కాగితం బల్ల మీద పెట్టి, ఆ అమ్మాయిని లోపలికి రమ్మనండి అన్నారు. అనిత వచ్చి గుమ్మంలో నిలబడింది. గుంటల సంగతి ఆయనకు శుక్రవారమే తెలుసు. అయినా ఎదురుగా ఉన్న కుర్చీ చూపించి, "చెప్పమ్మా. ఆ లెక్క ఎలా చేశావు?" అని అడిగారు.

ఆ అమ్మాయి మొదట నిలబడే చెప్పింది. తర్వాత కూర్చుంది. తర్వాత ఆయన ముందున్న కాగితం తన వైపు లాక్కుని, పొలం బొమ్మ గీసి చూపించడం మొదలుపెట్టింది. మేడమ్ తలుపు దగ్గర కాసేపు నిలబడి విన్నారు. ఇంక తన అవసరం లేదనుకున్నారేమో, సంచి భుజాన వేసుకుని, పిల్లల మధ్య దారి చేసుకుంటూ టీ తాగడానికి కిందికి దిగిపోయారు.